బానెట్ మీద వంగే నడుముకి... ఓ బల్ల!

ఆదోని, ఎమ్మిగనూరు షెడ్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంజిన్ల మీద వంగి పనిచేసే మెకానిక్‌ల కోసం, ఊళ్లోనే చేయించుకోగలిగిన ఆసరా ఇది. రెండు పొడవుల పైపు, ఓ పలక, కొంచెం ఫోమ్... ఖర్చు కొన్ని వేలే. కాపాడేది మాత్రం ఒక మనిషి పాతికేళ్ల సంపాదన!

ఇది చదువుతున్న ఈ క్షణంలో మీ మెడ ఎంత వంగి ఉందో ఒక్కసారి చూసుకోండి. మామూలుగా మన తల బరువు ఐదు కిలోలు. ఫోన్ చూస్తూ మెడని 60 డిగ్రీలు వంచితే, మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలకు చేరుతుందని అమెరికాలోని వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్కగట్టారు. అరగంట రీల్స్ చూసి లేచాక మెడ పట్టేసిందంటే కారణం అదే.

అది ఒక్క తల బరువు. ఇప్పుడు బొలెరో బానెట్ ఎత్తి, రేడియేటర్ మీదుగా లోపలికి వంగి, వెనక గోడ వైపు ఉన్న బోల్టు కోసం చెయ్యి చాపిన మెకానిక్‌ని ఊహించుకోండి. తల ఒక్కటే కాదు... రెండు చేతులు, భుజాలు, ఛాతీ, పొట్ట అన్నీ గాల్లోనే ఉన్నాయి. వాటన్నిటినీ మోస్తున్నది నడుము. అదీ ఐదు నిమిషాలు కాదు, గంటలు గంటలు.

ఆదోని పత్తి మార్కెట్‌కి సరుకు తెచ్చే బండ్లు, జిన్నింగ్ మిల్లుల నుంచి బేళ్లు మోసే లారీలు, మంత్రాలయం భక్తుల తుఫాన్లు, పొలాలకు తిరిగే ట్రాక్టర్లు, సుగ్గికని గుంటూరు మిరప చేలకు కుటుంబాలను దించి వచ్చే బొలెరోలు... పడమటి మండలాల బతుకంతా చక్రాల మీదే నడుస్తోంది. ఆ చక్రాలను నడిపించేవాళ్లు షెడ్డు మెకానిక్‌లు. సీజన్‌లో బండి ఆగితే ఓనరుకి ఆ రోజు బాడుగ పోతుంది. అందుకే 'రాత్రికి రెడీ అయిపోవాలన్నా' అనే ఒత్తిడి. పని వేగంగా అవుతుంది. నడుము మాత్రం మెల్లగా అరిగిపోతుంది.

200 కిలోల లెక్క

వంగితే నడుముకి ఏమవుతుందో అర్థం కావాలంటే పెద్ద సైన్సు అక్కర్లేదు. చిన్నప్పుడు ఎక్కిన ఏతం బల్ల గుర్తుంటే చాలు. ఒక వైపు పొడవుగా, ఇంకో వైపు పొట్టిగా ఉందనుకోండి. పొడవైన వైపు చిన్న పిల్లాడు కూర్చున్నా, పొట్టి వైపు పెద్ద మనిషి కూర్చుంటే గానీ తూగదు.

మన నడుము దగ్గర జరిగేది అచ్చం అదే. 65 కిలోల మనిషిలో నడుము పైభాగం, అంటే తల, చేతులు, మొండెం కలిపి దాదాపు 40 కిలోలు ఉంటుంది. నేలకి సమాంతరంగా వంగినప్పుడు ఆ బరువంతా నడుము కీలుకి సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. దాన్ని పట్టి ఉంచాల్సిన వీపు కండరాలు మాత్రం వెన్నుపూసకి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 40ని 25తో గుణించి 5తో భాగించండి. 200 వస్తుంది. అంటే మీరు ఊరికే వంగి నిలబడ్డా వీపు కండరాలు 200 కిలోల బలంతో లాగుతూ ఉండాలి. చేతిలో ఐదు కిలోల పంపు పట్టుకుని 60 సెంటీమీటర్ల దూరానికి చాపారా... ఇంకో 60 కిలోలు అదనం.

ఆ లాగుడంతా పడేది వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కుల మీదే. స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల నుంచి ఏళ్ల తరబడి ఇదే పని మీద ఉన్నారు. మనుషుల డిస్కులోకి సన్నటి సూది పంపి, లోపల ఒత్తిడి ఎంతో నేరుగా కొలిచారు. నిటారుగా నిలబడినప్పుడు ఒత్తిడిని 100 అనుకుంటే, వెల్లకిలా పడుకుంటే అది 25కి పడిపోయింది. ముందుకు వంగితే 150 అయింది. చేతిలో బరువుతో వంగితే 220 దాకా వెళ్లింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మనిషి బాగా కిందికి వంగి అలాగే ఉండిపోతే, ఒక దశలో వీపు కండరాలు పనిచేయడం ఆపేస్తాయి. 1955లో ఇంగ్లండ్‌లో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కండరాల విద్యుత్ సంకేతాలతో చూపించారు. కండరం వదిలేసిన బరువు ఎముకలను కట్టి ఉంచే నరాల్లాంటి బంధనాల మీద పడుతుంది. అవి పాత రబ్బరు బెల్టులా కొంచెం కొంచెంగా సాగుతాయి. గంట సేపు వంగి, ఒక్కసారిగా లేచేటప్పుడు 'అబ్బా' అని నడుము పట్టుకునేది అందుకే.

నడుము నొప్పి చిన్న సమస్యేం కాదు. 2020 నాటికి ప్రపంచంలో 61.9 కోట్ల మంది దీనితో బాధపడుతున్నారని, మనుషుల్ని పనికి దూరం చేసే సమస్యల్లో ఇదే మొదటిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

గుంట మగ్గం నేర్పిన పాఠం

మరి మార్గం ఏంటి? దానికి దూరం వెళ్లక్కర్లేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్తే చాలు, సుమారు 30 కిలోమీటర్లు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. ఆ ఊరి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది మగ్గమే.

గుంట మగ్గాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? నేలలో గుంట తవ్వి, దాని అంచున నేత మనిషి కూర్చుంటాడు. కాళ్లు గుంటలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. పడుగు సరిగ్గా అతని ఒడి ఎత్తులో ఉంటుంది. మగ్గం కింద ఉంది కదా అని మనిషి దాని మీదికి వంగాల్సిన పని లేదు. పని ఎంత ఎత్తులో ఉందో, మనిషి అక్కడికి చేరేలా నేలనే మార్చేశారు. రోజంతా కూర్చునే పని కాబట్టి నేతగాళ్లకూ నడుము నొప్పులు తప్పవు. కానీ ఆ గుంటలో ఉన్న తెలివి మాత్రం అసలైంది.

లారీ షెడ్డులో ఉండే పిట్ కూడా అదే తెలివి. బండి కింద పని ఉంటే మనిషి గుంటలోకి దిగుతాడు, నిలబడే పని చేస్తాడు. పిట్ లేని చోట పలకకి చక్రాలు కట్టి, వెల్లకిలా పడుకుని బండి కిందికి జారుతాడు. అంటే కింద పనికి దారి ఎప్పుడో దొరికింది. పైనుంచి చేసే పనికే ఏ ఏర్పాటూ లేదు. బంపరు మీద ఒక కాలు, మడ్‌గార్డు మీద ఒక మోకాలు, పొట్ట కింద గుచ్చుకునే రేడియేటర్ పట్టీ... అంతే!

పైపనికి కూడా ఒక ఏర్పాటు ఉంది. విదేశాల్లో దాన్ని టాప్‌సైడ్ క్రీపర్ అంటారు. చూడ్డానికి చిన్న నిచ్చెనలా ఉంటుంది. పైన మెత్తటి బల్ల ఇంజిన్ మీదికి చాచుకుని ఉంటుంది. మెట్టెక్కి ఆ బల్ల మీద ఛాతీ ఆనించి బోర్లా వాలితే, రెండు చేతులూ ఖాళీగా ఇంజిన్‌లోకి దిగుతాయి. ఒంటి బరువు బల్ల మోస్తుంది. నడుముకి పని ఉండదు.

బోర్లా పడుకుని పనిచేయడమేంటని నవ్వొస్తోందా? జర్మనీలో బెర్లిన్‌కి దగ్గర్లోని స్ప్రీవాల్డ్ దోసకాయలకు పేరున్న ప్రాంతం. అక్కడ కోతల కాలంలో ట్రాక్టర్‌కి రెండు వైపులా విమానం రెక్కల్లాంటి పొడవైన వేదికలు కడతారు. కూలీలు వాటి మీద వరసగా బోర్లా పడుకుంటారు. ట్రాక్టర్ మెల్లగా కదులుతుంటే కింద పాదుల్లోంచి దోసకాయలు కోస్తారు. దాని పేరే 'గుర్కెన్‌ఫ్లీగర్', అంటే దోసకాయ విమానం! అదేమీ హాయైన పని కాదు, మెడా భుజాలూ అలిసిపోతాయి. అయినా రోజంతా నడుం వంచి కోయడం తప్పుతుంది.

ముందు కొలతలు... తర్వాతే వెల్డింగ్

విదేశాల్లో ఈ క్రీపర్ కొనాలంటే వందల డాలర్లు. మనకి ఆ అవసరం లేదు. వెల్డింగ్ షాపు లేని ఊరు మన దగ్గర లేదు. ట్రాక్టర్ ట్రాలీలే చేసిపెట్టే చేతులకి ఇదెంత? కాకపోతే లెక్క తప్పితే ప్రమాదం. అందుకే కొలతలు జాగ్రత్తగా చదవండి.

మీ షెడ్డుకి ఎక్కువగా వచ్చే బండ్లేవో చూసుకోండి. బానెట్ ఎత్తి, నేల నుంచి రేడియేటర్ పైపట్టీ దాకా ఎత్తు కొలవండి. బల్ల అడుగు దానికంటే జానెడు పైన ఉండాలి. బొలెరోకి ఒక ఎత్తు, తుఫానుకి ఒక ఎత్తు, ముందుకు బానెట్ ఉన్న పాత లారీకి ఇంకో ఎత్తు. కాబట్టి బల్ల మూడున్నర అడుగుల నుంచి ఐదు అడుగుల దాకా పైకీ కిందికీ జరిగేలా ఉండాలి.

పైపులు: 40 మి.మీ. చదరపు పైపు, 2 మి.మీ. మందం. 20 అడుగుల పొడవులు రెండు, ఇంకో మూడడుగుల ముక్క. దానితోపాటు 50 మి.మీ. చదరపు పైపు, రెండున్నర మి.మీ. మందంతో ఆరడుగులు. అంతా కలిపి సుమారు 38 కిలోలు తూగుతుంది. కిలో 75 రూపాయలు అనుకుంటే 2,850. పాత ఇనుము కొట్లో మంచి పైపు దొరికితే ఇంకా తగ్గుతుంది. కానీ తుప్పు పట్టి పలచబడింది, ఒకసారి వంగి మళ్లీ సాపు చేసింది మాత్రం వద్దు.

అడుగు భాగం: నాలుగున్నర అడుగుల పొడవైన పైపులు రెండు. వాటి మధ్య రెండున్నర అడుగుల దూరం. మూడు అడ్డపైపులతో కలపాలి. ఒకటి ముందు కొసన, ఒకటి వెనక కొసన, ఒకటి వెనక నుంచి ఒకటిన్నర అడుగు దగ్గర. ఈ మూడోదాని మీదే నిలువు పైపులు లేస్తాయి. అంటే నిలువు పైపులకి ముందు మూడడుగులు, వెనక ఒకటిన్నర అడుగు కాళ్లు ఉంటాయి. ముందు కాళ్లు బంపరు కిందుగా బండి అడుగుకి వెళ్తాయి. బొలెరో, లారీల కింద చోటు బోలెడు. కిందికి ఉండే కార్లయితే ముందే కొలిచి చూసుకోండి.

నిలువు పైపులు: 50 మి.మీ. పైపు మూడడుగులవి రెండు, ఒకటిన్నర అడుగు ఎడంగా. వాటిలోకి 40 మి.మీ. పైపు మూడడుగులవి దిగుతాయి. మూడేసి అంగుళాలకి ఒక రంధ్రం వేసి, 12 మి.మీ. బోల్టుని పిన్నులా దూర్చాలి. ఎంత పైకి లేపినా లోపలి పైపు కనీసం అడుగు లోపలే ఉండాలి. రెండు పైపుల మధ్య కొంచెం వదులు ఉంటుంది కాబట్టి, బయటి పైపుకి ఒక నట్టు వెల్డ్ చేసి, అందులో బోల్టు బిగిస్తే లోపలి పైపు కదలదు.

మెట్లు: నిలువు పైపుల పైకొస నుంచి వెనక అడ్డపైపుకి ఏటవాలుగా రెండు పైపులు వేస్తే, అవి ఆసరాగానూ ఉంటాయి, నిచ్చెనగానూ పనికొస్తాయి. అడుగు ఎత్తులో ఒక మెట్టు, రెండడుగుల ఎత్తులో ఇంకో మెట్టు. ఒట్టి పైపు మీద నిలబడితే పాదం నొస్తుంది. ఆరంగుళాల వెడల్పు పలక బిగించి, పైన పాత టైరు ముక్క కొట్టండి. నూనె చేతులు, నూనె చెప్పులు... జారకుండా ఉండటం ముఖ్యం.

బల్ల: లోపలి పైపుల పైకొసల నుంచి ముందుకి రెండడుగుల చేతులు రెండు. వాటి కింద మూలల్లో అడుగు పొడవు ఆసరా ముక్కలు తప్పనిసరి. పైన 18 మి.మీ. ప్లైవుడ్. నడుము దగ్గర ఒకటిన్నర అడుగు వెడల్పు, ఛాతీ దగ్గర అడుగే. అలా సన్నబడితేనే భుజాలు ఫ్రీగా కిందికి దిగుతాయి. దాని మీద రెండంగుళాల గట్టి ఫోమ్, పైన రెక్సిన్. సీట్లు కుట్టే షాపులో అరగంట పని. బల్ల ముందు అంచు మెడ ఎముకలకి నాలుగు వేళ్లు కిందే ఆగిపోవాలి. గొంతుకి తగలకూడదు.

తాడూ నట్టూ పరీక్ష

ఈ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోమంటే ఇదే. బల్ల ముందుకి చాచుకుని ఉంటుంది, మనిషి బరువు అక్కడే పడుతుంది. కాళ్లు పొట్టిగా ఉంటే స్టాండు మొత్తం ముందుకి తిరగబడి, మనిషి తలకిందులుగా ఇంజిన్‌లో పడతాడు.

దీనికి ఇల్లు కట్టే మేస్త్రీల పద్ధతి ఉంది. బల్ల ముందు అంచు నుంచి ఒక తాడుకి నట్టు కట్టి వేలాడదీయండి. నట్టు నేలను తాకే చోటు కంటే కాళ్లు కనీసం జానెడు ముందుకి ఉండాలి. మనం చెప్పుకున్న కొలతల్లో బల్ల రెండడుగులు, కాళ్లు మూడడుగులు. కాబట్టి అడుగు తేడా ఉంటుంది. 'బండి కింద అడ్డం వస్తున్నాయి' అని కాళ్లు కోసేస్తే మాత్రం బల్ల కూడా అంతే కోయాలి.

తర్వాత బరువు పరీక్ష. 50 కిలోల సిమెంటు బస్తాలు మూడు, ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టండి. 150 కిలోలు. మనిషి మొత్తం బరువుకి రెట్టింపు. గంట సేపు వదిలేయండి. ఆ గంట సేపు దగ్గర ఎవరూ ఉండొద్దు. తర్వాత దించి, వెల్డింగ్ అతుకుల మీద సుద్ద ముక్కతో గీసి, సన్నటి పగులు ఎక్కడైనా కనిపిస్తోందా అని టార్చి వేసి చూడండి. పగులుంటే ఆ అతుకు మొత్తం గ్రైండ్ చేసి మళ్లీ వేయించండి. చుక్కలు పెట్టి వదిలేసిన వెల్డింగ్ పనికిరాదు. చుట్టూ నిండుగా పోయాలి. నెలకోసారి ఇదే తనిఖీ.

ఇంకో విషయం నేల. విదేశీ క్రీపర్లకి నాలుగు చక్రాలు ఉంటాయి, కింద నున్నటి కాంక్రీటు ఉంటుంది. మన షెడ్లలో చాలా చోట్ల మట్టి నేలే. నల్లరేగడి మీద వాన పడితే చక్రం దిగబడుతుంది. ఎండిపోతే పగులులో ఇరుక్కుంటుంది. అందుకే వెనక కొసకి మాత్రమే రెండు చక్రాలు, అవీ నేలకి ఒక వేలెడు పైన ఉండేలా పెట్టించండి. ముందు వైపు ఎత్తి తోస్తే తోపుడు బండిలా వస్తుంది. దించితే కాళ్ల మీద నిలుస్తుంది. కాళ్ల కింద నాలుగంగుళాల చదరపు ఇనుప రేకులు నాలుగు వేస్తే మట్టిలో దిగబడవు.

వాలే ముందు ఇవి చూసుకోండి

బోర్లా పడుకున్న మనిషి టక్కున వెనక్కి జరగలేడు. అందుకే కొన్ని నియమాలు గట్టిగా పాటించాలి.

తాళం చెవి మీ జేబులోనే ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా బల్ల ఎక్కొద్దు. కొన్ని బండ్లలో కరెంటు ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేస్తే ఆ భయం ఉండదు.

మెడలో తువ్వాలు, గొలుసు, మొలతాడుకి వేలాడే తాళాలు తీసి పక్కన పెట్టండి. చొక్కా జేబులో ఫోను, పెన్ను, టెస్టరు ఉంటే ఛాతీకి గుచ్చుకుంటాయి. పైగా ఫోన్ నేరుగా ఇంజిన్‌లోకి జారుతుంది.

బండి టైర్లకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. బండి ఒక అడుగు ముందుకి దొర్లినా స్టాండు మధ్యలో మీరు ఇరుక్కుంటారు. జాకీ మీద లేపిన బండికి ఈ స్టాండు వాడనే వద్దు.

ఇంజిన్ చల్లారాకే వాలండి. వేడి రేడియేటర్ మూత తీయకూడదని అందరికీ తెలుసు. దాని మీద మొహం పెట్టి పడుకున్నప్పుడు అది ఇంకా ముఖ్యం. బానెట్ కర్ర సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో ఊపి చూడండి.

అన్నం తిన్న వెంటనే వద్దు. 20 నిమిషాలకోసారి దిగి, నిటారుగా నిలబడి, నాలుగడుగులు నడవండి. తల పైకెత్తి ముందుకి చూడాల్సి వస్తుంటే బల్ల మరీ కిందికి ఉందని అర్థం. ఒక రంధ్రం పైకి లేపండి. మోకాళ్లు కొంచెం వంగి, పాదాలు మెట్టు మీద పూర్తిగా ఆని ఉండాలి.

అంత ఖర్చు ఇప్పుడే పెట్టలేమంటే?

పైపులు, ప్లైవుడ్, ఫోమ్, రెక్సిన్, వెల్డింగ్ కూలీ కలిపితే కొన్ని వేలు అవుతుంది. కొత్తగా షెడ్డు పెట్టినవాళ్లకి అది కష్టమే. అప్పటిదాకా ఈ రోజు సాయంత్రం నుంచే చేయగలిగినవి మూడున్నాయి.

మొదటిది, పాదాల కింద ఎత్తు. కదలని గట్టి చెక్క పెట్టె, అడుగు ఎత్తుది, బంపరు ముందు వేసుకుని నిలబడండి. లోపలి బోల్టు అందడానికి కాలి వేళ్ల మీద లేచి చాచుకోవాల్సిన పని ఉండదు.

రెండోది, ఆనుకునే దిండు. గోనె సంచిలో పాత పత్తి గట్టిగా కూరి కుట్టేయండి. ఆదోనిలో పత్తికి కొరవా! దాన్ని రేడియేటర్ పట్టీ మీదో, మడ్‌గార్డు మీదో వేసి ఛాతీ ఆనించండి. కస్టమర్ బండికి గీతలు కూడా పడవు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వాడండి, పత్తికి నిప్పంటే తెలుసుగా.

మూడోది, ఒక చెయ్యి ఆసరా. పని చేసేది కుడి చెయ్యైతే ఎడమ చెయ్యి ఖాళీగా గాల్లో ఉండొద్దు. దాన్ని బండి బాడీ మీద ఆనించి ఉంచితే నడుము మోయాల్సిన బరువులో కొంత ఆ చేతి గుండా దిగిపోతుంది. రూపాయి ఖర్చు లేదు.

నడుముకి బీమా లేదు

'ఇన్నాళ్లూ ఇలాగే చేశాం, ఏమైంది?' అనే మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. ఏమైందో తెలియాలంటే ఆ మాట అనేవాళ్ల నడక చూడాలి.

నడుము పోతే మెకానిక్‌కి దిక్కేంటో ఒకసారి లెక్కేద్దాం. ఈఎస్‌ఐ ఉండాలంటే మామూలుగా ఒకే చోట కనీసం పది మంది పనిచేయాలి. ఒక మెకానిక్, ఇద్దరు హెల్పర్లు ఉండే షెడ్డుకి అది రాదు. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా మంచిదే, అందరూ తీసుకోవాల్సిందే. కానీ అది ప్రమాదంలో ప్రాణం పోయినా, చూపో కాలో చెయ్యో పోయినా ఇచ్చేది. పదిహేనేళ్లు వంగి వంగి అరిగిన డిస్కుని ఏ కాగితమూ ప్రమాదం అని రాయదు. పని ఉన్న రోజే కూలి, లేని రోజు లేదు. నొప్పితో పది రోజులు పడుకుంటే ఆ పది రోజులూ ఇంట్లో పొయ్యి వెలిగించాల్సింది అప్పే.

మాత్ర వేసుకుని మళ్లీ వంగేవాళ్లే ఎక్కువ. కానీ నొప్పి నడుము నుంచి మోకాలు దాటి పాదం దాకా దిగుతున్నా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా డాక్టర్ని కలవాల్సిందే. మూత్రం మీద అదుపు పోతే గంటల్లో వెళ్లాలి. కర్నూలు పెద్దాసుపత్రి ఉంది. మాత్రలు కొనుక్కుని కాలం గడపొద్దు.

షెడ్డు ఓనర్లు ఆలోచించాల్సిన సంగతి ఇంకోటుంది. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడికి పద్దెనిమిదేళ్లు అనుకుందాం. పని చేతికి రావడానికి నాలుగైదేళ్లు. శబ్దం విని ఏ నాజిల్ పోయిందో చెప్పే నేర్పు వచ్చేసరికి ముప్పై దాటుతాయి. సరిగ్గా ఆ నేర్పు డబ్బులు తెచ్చే వయసులోనే నడుము మొరాయిస్తుంది. చేతిలో విద్య ఉంటుంది, వంగే శక్తి ఉండదు. పిల్లలు స్కూల్లో ఉంటారు, నాన్న షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని హెల్పర్లకి నోటితో పని చెబుతుంటాడు.

పానాల సెట్టు కొనడానికి ఏ మెకానిక్కూ వెనకాడడు. మంచి టార్క్ రెంచి కోసం అప్పైనా చేస్తాడు. అవి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. పోతే దొరకని పనిముట్టు నడుము ఒక్కటే. ఒక షెడ్డులో ఈ బల్ల ఒకటి ఉంటే ముగ్గురు నలుగురు వంతులు వేసుకుని వాడుకోవచ్చు. పక్క పక్క షెడ్లవాళ్లు తలా కొంత వేసుకుని చేయించుకోవచ్చు. ఇంజిన్ దించే చైన్ బ్లాక్‌ని ఒకరి దగ్గర ఒకరు అడిగి తెచ్చుకున్నట్టే ఇదీనూ.

మీరు మెకానిక్ అయితే ఈ ఆదివారం షెడ్డు మూసే ముందు టేపు తీసి ఆ మొదటి కొలత తీసుకోండి. కాకపోతే మీ బండి బాగుచేసే అన్నకి దీన్ని వాట్సాప్‌లో పంపండి. ఈసారి బండి ఇచ్చేటప్పుడు 'రాత్రికి కావాలన్నా' అనే మాటని 'రేపు పొద్దునకైనా పర్లేదన్నా' అని మార్చి చూడండి. బండి ఒక రాత్రి ఆగితే కొంపేం మునగదు.